గాలి వేలం: ఇరవై ఏడు తోక

కిందటి వారం తోక కంపెనీ వాళ్ళని మనం సంబరంలో వదిలేసి వచ్చాం. కొండల ప్రాంతం మీద పోటీకి దిగిన ఏనుగు కంపెనీ ఉన్నట్టుండి పాట ఆపేసింది. పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చిన్నకోడలు కుర్చీలో వెనక్కి వాలి, వేలం మొదలైన దగ్గర్నుంచీ బిగబట్టిన ఊపిరి వదిలింది. ఆ సంబరం పూట కూడా నిలవలేదు. సాయంత్రానికల్లా తెర మీద ఎర్రక్షరాలు వచ్చాయి. వేలం నిలిపేశాం, మీరు రేపు ఉదయం విచారణకి రండి అని వాటి సారాంశం. ఎందుకో చెప్పలేదు. పిలిచేవాళ్ళు ఎందుకో ఎప్పుడూ చెప్పరు, మన నోటితోనే చెప్పిద్దామని చూస్తారు.

మధ్యలో వచ్చి కూర్చున్నవారికి ఒక్క ముక్క. ఫోన్లలో మన మాటల్ని మోసుకెళ్ళే రేడియో తరంగాలు ప్రభుత్వం సొత్తు. దేశాన్ని ప్రాంతాలుగా కోసి, ఒక్కో ప్రాంతానికి ఒక నంబరు వేసి, ఎవరెక్కువ పాడితే వాళ్ళకి కొన్నేళ్ళపాటు లైసెన్సు ఇస్తుంది. కంపెనీలు ఎవరి గదుల్లో వాళ్ళు కూర్చుని కంప్యూటర్లో పాట పెడతాయి. రౌండు ముగియగానే ఎవరెంత పాడారో అందరి తెరల మీదా కనిపిస్తుంది. కనిపించినదాన్ని చూసి ఏడవచ్చు, నవ్వుకోవచ్చు. పోటీదారుతో ఒక్క మాట మాట్లాడకూడదు. మాట్లాడితే వేలం నుంచి గెంటేస్తారు.

తోక కంపెనీకి ఉన్నదల్లా కొండల లైసెన్సు ఒక్కటే. దాని గడువు ఈ ఏడాదితో తీరిపోతుంది. మళ్ళీ గెలవకపోతే పెద్దాయన కట్టిన టవర్లన్నీ ఆయన మనుషులే ఎక్కి ఆపెయ్యాలి. ఆ మనుషుల్లో మొదటివాడు చిన్నకోడలి భర్త. ఇంట్లోకన్నా టవరు మీదే ఎక్కువగా ఉంటాడు కాబట్టి అతన్ని అందరూ టవరాయన అంటారు. భార్య కూడా అంటుంది, కోపం వచ్చినప్పుడు.

వేలం కార్యాలయం వరండాలో బల్ల ఒక్కటే ఉంది. దాని మీద పెద్దాయన చేతికర్ర మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని కూర్చున్నాడు. కదలడు, మెదలడు. పెద్దకొడుకు మాత్రం కాలుగాలిన పిల్లిలా వరండా ఆ చివర నుంచి ఈ చివరకి తిరుగుతున్నాడు. కంపెనీలో డబ్బు వ్యవహారమంతా అతని చేతిలోనే ఉంటుంది. చిన్నకోడలు ఒకసారి కూర్చుని, ఒకసారి లేచి, గుమ్మం దగ్గర లాగేసుకున్న ఫోను కోసం సంచీలో చెయ్యి పెట్టి, లేదని గుర్తొచ్చి తీసేస్తోంది. మళ్ళీ పెడుతోంది.

"మామయ్యా, ఎందుకు పిలిచారంటారు?"

"పిలిచినవాళ్ళే చెప్తారు."

"మనం ఏ తప్పూ చెయ్యలేదు కదా."

"చెయ్యకపోతే భయమెందుకు?"

"చెయ్యకపోయినా భయమే మామయ్యా. చేసినవాళ్ళకైతే ఏం చెప్పాలో ముందే తెలుసుంటుంది."

పెద్దాయన మీసం కింద నవ్వు కదిలింది గానీ బయటికి రాలేదు. పెద్దకొడుకు తిరగడం ఆపి ఆమె దగ్గరకి వచ్చాడు.

"చూడమ్మా, లోపల నువ్వేం మాట్లాడకు. అడిగినదానికి నేను చెప్తా."

"పాటలు కొట్టేది నేను కదా బావగారూ. నన్నడిగితే?"

"నిన్నడిగినా నేనే చెప్తా."

ఆ మాట ఆమెకి నచ్చలేదు. నచ్చలేదని చెప్పే లోపల తలుపు తెరుచుకుంది.

లోపలున్న అధికారిణిని వేలంలో పాల్గొనే కంపెనీలన్నీ చాటుగా గప్‌చుప్ మేడమ్ అంటాయి. మాట్లాడకూడదన్న రూలు రాసింది ఆవిడే, కాపలా కాసేదీ ఆవిడే. పోయిన వేలంలో ఒక కంపెనీ మనిషి పోటీ కంపెనీ మనిషికి లిఫ్టులో "బాగున్నారా" అన్నందుకు సంజాయిషీ అడిగిందని చెప్పుకుంటారు. గదిలో పొడుగాటి బల్ల, గోడకి పెద్ద తెర, కిటికీకి చప్పుడు చేస్తూ ఆడే పరదా ఉన్నాయి. ఆవిడ ఆ పరదా వంక ఒకసారి చూసింది. అది కూడా గప్‌చుప్‌గా ఉంటే బాగుండునని ఆవిడకి అనిపించి ఉంటుంది.

"కూర్చోండి. కొండల ప్రాంతం మీద మీరు మొదటి రౌండు నుంచీ పాడుతున్నారు. నిన్న ఉదయం దాకా పెట్టిన ప్రతి పాట చివరా ఒకే అంకెలు. చూడండి."

తెర మీద వరుసగా పాటలు వచ్చాయి. కోట్లలో మొదలైన ప్రతి అంకె ఇరవై ఏడుతో ముగుస్తోంది.

"ఇరవై ఏడో నంబరు ప్రాంతం ఏది?" అంది ఆవిడ.

"రేవు ప్రాంతం," అన్నాడు పెద్దకొడుకు.

"అక్కడ ఎవరు పాడుతున్నారు?"

"ఏనుగు వాళ్ళు." అనేసి నాలిక్కరుచుకున్నాడు. అసలు పేరు చెప్పబోతే ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"వాళ్ళ వ్యాపారానికి ప్రాణం రేవు. మీరు కొండల మీద పాడుతూ చివర ఇరవై ఏడు పెడుతున్నారు. దాని అర్థం నేను చెప్పనా? కొండల జోలికొస్తే మీ రేవు జోలికొస్తాం, ధర పెంచి చంపుతాం. నోటితో చెప్పకుండా అంకెలతో చెప్పారు. అది కూడా మాట్లాడుకోవడమే. వాళ్ళు విన్నారు, నిన్న కొండలు వదిలేశారు. మీకు కొండలు చవగ్గా దక్కుతున్నాయి, ప్రభుత్వానికి నష్టం. ఇది రుజువైతే మిమ్మల్ని వేలం నుంచి తీసేస్తాం, ధరావతు జప్తు చేస్తాం. కొండల లైసెన్సు ఇంకొకరికి వెళ్తుంది. ఏమంటారు?"

పెద్దకొడుకు గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, మా వకీలుతో మాట్లాడి లిఖితపూర్వకంగా..."

"మేడమ్, మమ్మల్ని బయట ఏమంటారో మీకు తెలుసా?" అంది చిన్నకోడలు.

బావగారు బల్ల కింద కాలితో తన్నినంత పని చేశాడు. ఆమె కుర్చీ పక్కకి జరుపుకుంది.

"తోక కంపెనీ అంటారు. ఎందుకంటే మా దగ్గర్నుంచి ఏ అంకె బయటికెళ్ళినా దానికి ఇరవై ఏడు తోక ఉంటుంది. నా జీతం చివర ఇరవై ఏడు. ఆఫీసు అద్దె చివర ఇరవై ఏడు. నా పెళ్ళికి మామయ్య పెట్టిన కానుక చివరా ఇరవై ఏడే. మా అమ్మావాళ్ళు అది చూసి, వీళ్ళకి లెక్కలు రావేమోనని బెంగపెట్టుకున్నారు. ఇది బెదిరింపు కాదు మేడమ్, పిచ్చి అలవాటు. మామయ్యా, ఏమనుకోకండి."

"అనుకున్నాలే," అన్నాడు పెద్దాయన.

గప్‌చుప్ మేడమ్ నవ్వలేదు. "ఇవి మీరు చెప్తున్న మాటలు. కానుకల సంగతి నాకేం తెలుసు? మీ అలవాటు ఈ వేలం కన్నా ముందుదని నేనెలా నమ్మాలి?"

కుడితిలో పడ్డ ఎలుకలా గిలగిల్లాడింది చిన్నకోడలి ప్రాణం. టవరు మీద గాలికి ఊగుతూ బోల్టు బిగించే భర్త గుర్తొచ్చాడు. అంత కష్టం ఒక తోక మూలంగా పోతుందా అని ఏడుపొచ్చింది, ఆ వెంటనే తోక మీద కోపమొచ్చింది. ఆ కోపంలోంచే దారి దొరికింది.

"మీకూ ఇచ్చాం మేడమ్! ధరావతు కట్టినప్పుడు చివర ఇరవై ఏడు ఎక్కువ కట్టాం. అప్పటికి ప్రాంతాలకి మీరింకా నంబర్లే వెయ్యలేదు. ఎక్కువ కట్టింది తీసుకోమని మీ లెక్కల సెక్షను వాళ్ళు మా ప్రాణం తీశారు. వాళ్ళనడగండి."

ఆవిడ మొహంలో మొదటిసారి ఏదో కదిలింది. బల్ల మీద గంట నొక్కింది. లెక్కల సెక్షను అధికారి వచ్చాడు. తోక కంపెనీ ధరావతు అనగానే కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు.

"వీళ్ళేనా! మేడమ్, ఎక్కువొచ్చింది వెనక్కి తీసుకోండయ్యా అంటే తీసుకోరు. పోనీ ఉంచుకుందామా అంటే మన రూలొప్పుకోదు. వెనక్కి పంపిస్తే మళ్ళీ పంపించారు. దాని మూలంగా మా పద్దు ఇంతవరకూ కలవలేదు. నిద్రలో కూడా ఇరవై ఏడే కనిపిస్తోంది."

"అది ప్రాంతాలకి నంబర్లు వెయ్యకముందేనా?"

"చాలా ముందు మేడమ్. ఈ గోల పడలేక నేను బదిలీ కూడా అడిగాను."

"మీరు వెళ్ళండి." అతను వెళ్తూ వెళ్తూ పెద్దాయనకి దణ్ణం పెట్టాడు. అందులో గౌరవం లేదని చెప్పడానికి నేను సాహసించను గానీ, మమ్మల్ని వదిలెయ్యండి మహాప్రభో అన్న భావం మాత్రం పుష్కలంగా ఉంది.

గప్‌చుప్ మేడమ్ పెద్దాయన వైపు తిరిగింది. "ఇరవై ఏడే ఎందుకు?"

పెద్దాయన చేతికర్ర మీద చేతులు మార్చుకున్నాడు. ఈ ప్రశ్నని చిన్నకోడలు పెళ్ళైన కొత్తలో అడిగింది. టవరాయన చిన్నప్పట్నుంచీ అడుగుతున్నాడు. ఇంట్లో ఎవరికీ జవాబు రాలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషిని ఎన్నిసార్లని అడుగుతారు?

"అప్పుడు నా వయసు," అన్నాడాయన.

చిన్నకోడలు కుర్చీ ముందుకి జరుపుకుంది.

"నాకు రేడియోలు బాగుచేసే కొట్టుండేది మేడమ్. సామాను కోసం ఒక స్నేహితుడి దగ్గర చేబదులు తీసుకుని కాగితం రాసిచ్చా. అంకె చివరన్నీ సున్నాలే. వాడు ఇంకో సున్నా చేర్చుకున్నాడు. నా చేతిరాతే, నా సంతకమే. నేను రాసింది అది కాదంటే ఎవడు నమ్ముతాడు? కొట్టు పోయింది. అదిగో ఆ కుర్చీలో కూర్చున్నాడే మా పెద్దాడు, అప్పుడు వాడు ఒళ్ళో పిల్లాడు. ఆ రోజు నుంచీ నా చేతి మీదుగా వెళ్ళే ప్రతి అంకె ఇరవై ఏడుతోనే ముగుస్తుంది. చివర ఇరవై ఏడు లేకపోతే అది నా అంకె కాదు. ఎవడూ చేర్చలేడు, ఎవడూ మార్చలేడు. అంతే."

ఇన్నేళ్ళూ చిన్నకోడలు ఆ తోకని చూసి నవ్వింది. జీతం పడిన ప్రతిసారీ మొగుడితో కలిసి వేళాకోళం ఆడింది. ఆ తోక వెనక పోగొట్టుకున్న ఒక కొట్టూ, చంకన బిడ్డతో వీధిన పడ్డ ఒక కుర్రాడూ ఉన్నారని తెలిస్తే నవ్వేదా? లేచి ఆయన కాళ్ళ మీద పడాలనిపించింది. ఆఫీసు కాబట్టి పడలేదు.

గప్‌చుప్ మేడమ్ కాగితాలు సర్దుతూ మెల్లగా అంది. "నేను నమ్ముతున్నాను. ఇరవై ఏడు బెదిరింపు కాదు. అయినా ఈ వేలం అయ్యాక చివరి అంకెలు మీ ఇష్టమొచ్చినట్టు కొట్టే వీలు తీసేస్తాం. గుండ్రటి మొత్తాలే ఉంటాయి. మీ అలవాటు మార్చుకోవాల్సి వస్తుంది."

"చూద్దాం లెండి," అన్నాడు పెద్దాయన.

చిన్నకోడలు నవ్వేసింది. కొండలు దక్కాయి. ఫోను చేతికి రాగానే మొగుడికి చెప్పాలి. లేవబోయింది.

"కూర్చోండమ్మా. అయిపోలేదు."

ఆవిడ గొంతులో మెత్తదనం అప్పుడే పోయింది. తెర మీద ఇంకో పాట వచ్చింది. ఒక్కటే.

"ఇది నిన్న మధ్యాహ్నం రౌండులో కొండల మీద మీ పాట. చివర చదవండి."

చిన్నకోడలు చదివింది. ఒకసారి కాదు, రెండుసార్లు. చివర ఇరవై ఏడు లేదు. పద్నాలుగు ఉంది.

"పద్నాలుగో ప్రాంతం ఏది?"

"నది ప్రాంతం," అంది చిన్నకోడలు.

"నది మీద కూడా మీరు మొదట్నుంచీ పాడుతున్నారు. వాళ్ళూ పాడుతున్నారు. ఈ రౌండులో కొండల పాటకి పద్నాలుగు తగిలించి, నది మీద పాట ఆపేశారు. మరుసటి రౌండులో వాళ్ళు కొండలు వదిలేశారు. నది నువ్వు తీసుకో, కొండలు నాకొదిలెయ్. ఇంతకన్నా స్పష్టంగా నోటితో కూడా చెప్పలేరు. చివర ఇరవై ఏడు లేకపోతే తన అంకె కాదని పెద్దాయన ఇప్పుడే అన్నారు. మరి ఇది ఎవరిది?"

పెద్దకొడుకు కిటికీ వైపు తిరిగాడు.

పాట పెట్టాలంటే తాళం కావాలి. గోరంత బిళ్ళ, కంప్యూటర్‌కి గుచ్చి పెట్టాలి. తోక కంపెనీకి అలాంటివి రెండే ఉన్నాయి. ఒకటి పెద్దకొడుకుది, ఒకటి చిన్నకోడలిది.

"ఏ తాళంతో పెట్టారో మా దగ్గరుంది," అంటూ గప్‌చుప్ మేడమ్ చిన్నకోడలి వైపు చూసింది. "మీ తాళం."

ఆమె నిన్నటి రౌండు గుర్తు చేసుకుంది. నిన్న మధ్యాహ్నం రౌండు మొదలయ్యాక బావగారు తలుపు దగ్గర్నుంచి పిలిచాడు. నీకు కొండ మీంచి ఫోనొచ్చిందట, ముందు గదిలో ఉంది, వెళ్ళి మాట్లాడిరా అన్నాడు. మొగుడే అనుకుని పరుగెత్తింది. రిసీవరు తీస్తే అవతల ఎవరూ లేరు. హలో హలో అని అరిచి, కొండ సిగ్నల్ ఇంతేలే అని తిట్టుకుని వచ్చింది. తాళం కంప్యూటర్‌కే ఉంది. గదిలో ఉన్నది బావగారూ, మామయ్యా. తను తిరిగొచ్చేసరికి పాట పెట్టేసి ఉంది. నది వదిలేశాం, డబ్బు చాలదు అన్నాడు బావగారు. ఆ తరవాత ఏనుగు కొండలు వదిలేసిన సంబరంలో తోక చూసిందెవరు?

"అప్పుడు నేను గదిలో లేను మేడమ్. ఫోనొచ్చిందంటే..." అని బావగారి వైపు తిరిగింది. అతను కిటికీ వైపు చూస్తున్నాడు. పరదా మీద అతనికి అంత ఆసక్తి ఎప్పుడు పుట్టిందో.

"ఫోనొచ్చిందని ఎవరు చెప్పారు?" అంది గప్‌చుప్ మేడమ్.

చిన్నకోడలు నోరు తెరిచింది. పేరు నాలిక చివర ఉంది. చెబితే ఇల్లు రెండు ముక్కలవుతుంది, చెప్పకపోతే తను నేరస్తురాలవుతుంది.

"అది నేనే," అన్నాడు పెద్దాయన.

చేతికర్ర ఆనించి లేచి నిలబడ్డాడు. "పద్నాలుగు నేనే పెట్టా. మా అమ్మాయికి తెలీదు. మా పెద్దాడికీ సంబంధం లేదు. శిక్ష నాకు వెయ్యండి, కంపెనీని వదిలెయ్యండి."

"మామయ్యా!"

చిన్నకోడలికి అంతా అర్థమైపోయింది. కన్నకొడుకుని కాపాడుకోవడానికి నింద నెత్తిన వేసుకుంటున్నాడు. ఇది అబద్ధమని రుజువు చెయ్యడం కూడా సులువే. కంప్యూటర్ అంటే ఈయనకి పడదు. కళ్ళు కనపడవమ్మా, నువ్వే కొట్టు అంటాడు. ఇన్నేళ్ళుగా ఆయన ఉత్తరాలు, ఆయన ఆర్డర్లు, చివరికి తమ్ముడి మనవరాలికి పుట్టినరోజు దీవెనలు కూడా ఆమే కొట్టి పెట్టింది. వేలానికి ముందు జరిపిన నమూనా వేలంలో అందరూ తిప్పలు పడి నేర్చుకుంటుంటే ఈయన మూల కుర్చీలో కళ్ళు మూసుకుని కూర్చున్నాడు.

"మేడమ్, నమ్మకండి. మామయ్యకి మౌసు పట్టుకోవడం కూడా రాదు," అంది.

"అది ఇప్పుడే తేలుతుంది." గప్‌చుప్ మేడమ్ బల్ల చివరనున్న కంప్యూటర్ని ఆయన వైపు తిప్పింది. "ఇది నమూనా వేలం తెర. ఇదిగో తాళం. నిన్న ఏం చేశారో అదే చేసి చూపించండి."

చిన్నకోడలికి ప్రాణం లేచొచ్చింది. కుర్చీ అంచున కూర్చుని చూస్తోంది. పాపం, ఎక్కడ మొదలు పెట్టాలో కూడా తెలీదు. ఇప్పుడు తడుముకుంటాడు, తల దించుకుంటాడు, నిజం చెప్పేస్తాడు. తరవాత ఇంట్లో ఏ యుద్ధం జరిగినా సరే, ఆయన తల ఒళ్ళో పెట్టుకుని ఓదార్చడానికి తను సిద్ధంగా ఉంది.

పెద్దాయన కూర్చుని కర్ర బల్లకి ఆనించాడు. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. తాళం గుచ్చాడు. ప్రాంతాల వరుసలోంచి కొండల ప్రాంతం తెరిచాడు. నిన్నటి పాట అంత పెద్ద అంకెనీ ఎక్కడా ఆగకుండా, ఎవర్నీ అడక్కుండా, కీల వంక చూడకుండా కొట్టాడు. చివర పద్నాలుగు. ఖాయమేనా అని తెర అడిగింది. అవును అన్నాడు. ఖాయం చేశాక అది ఇంకోసారి అడుగుతుంది. నమూనా వేలంలో చిన్నకోడలితో సహా అందరూ మరిచిపోయి తిట్లు తిన్న ప్రశ్న అది. దానికీ అవును కొట్టాడు.

పాట నమోదైంది.

చిన్నకోడలు ఆ చేతుల వైపే చూస్తూ ఉండిపోయింది. మా మామయ్య అంకె చివర ఇరవై ఏడే ఉంటుందని ఇందాక ఇదే బల్ల ముందు గుండె మీద చెయ్యేసుకుని చెప్పింది. ఆయన కథ విని కాళ్ళ మీద పడాలనుకుంది. అందులో నిజమెంత? ఎవరి కోసం నేర్చుకున్నాడు, ఎప్పుడు నేర్చుకున్నాడు, తన దగ్గర ఎందుకు దాచాడు?

తలెత్తి బావగారి వైపు చూసింది. అతను ఇప్పుడు కిటికీ వైపు చూడటం లేదు, తండ్రి చేతుల వైపే చూస్తున్నాడు. అతని మొహంలో ఆశ్చర్యమన్నది లేదు.